గుండెలో రంధ్రం మూసుకుంది, సరే. ఆ తర్వాత?

రక్తనాళంలోంచి గుండెలోకి గొట్టం పంపి వైద్యం చేసే క్యాథ్‌ల్యాబ్‌లో, రంధ్రం మూసే పరికరం సరిగ్గా కుదురుకోగానే, అప్పటిదాకా ఎకో (గుండె స్కాన్) తెర మీద గుండెలో ఒక గదిలోంచి ఇంకో గదిలోకి దూకుతున్న రక్తాన్ని చూపే రంగు ఆగిపోతుంది. డాక్టరు బయటికొచ్చి "క్లోజ్ అయిపోయిందమ్మా, భయం లేదు" అంటారు. బెంచీ మీద టెన్షన్‌తో కూర్చున్న అమ్మానాన్నలు లేచి దండం పెడతారు. పెట్టాల్సిందే. ఛాతీ ఎముక కోయలేదు, గుండెను ఆపలేదు, తొడ దగ్గర చిన్న గాటుతో పని జరిగిపోయింది.

ఈ పరికరాలంటే నాకు గౌరవం. ఆ గౌరవంతోనే అంటున్నాను: వీటిని పరీక్షించేవాళ్లు "రంధ్రం మూసుకుందా?" అన్న ప్రశ్న దగ్గర ఆగిపోతే రోగికి అన్యాయం చేసినట్టే. మూసుకోవడం వల్ల ఆ మనిషికి ఏం మేలు జరిగింది? లోపల ఉండిపోయిన లోహం ఇరవై ముప్పై ఏళ్ల తర్వాత ఎలా ఉంది? ఈ రెండూ తేలేదాకా పరీక్ష అయిపోయినట్టు కాదు. పసిపిల్లల విషయంలో మరీను.

మా తమ్ముడి కూతురికి ఆరేళ్లప్పుడు ఏఎస్‌డీ బయటపడింది. అంటే గుండె పై గదులు రెండింటి మధ్య గోడలో రంధ్రం. మాటిమాటికీ జలుబు, దగ్గు, నాలుగడుగులు పరుగెత్తితే ఆయాసం. పిల్లల డాక్టరు స్టెతస్కోపు పెట్టి చూసి, అనుమానం వచ్చి ఎకోకి రాశారు. డివైస్ వేసిన మర్నాడు గుండె డాక్టరు గారు ఓపిగ్గా మమ్మల్ని కూర్చోబెట్టి రికార్డింగు చూపించారు. తొడ సిరలోంచి సన్నటి గొట్టం కుడివైపు పైగదిలోకి వచ్చి, రంధ్రం దాటి ఎడమ గదిలోకి వెళ్లింది. గొట్టం కొసలోంచి తీగల అల్లిక బయటికొచ్చి పళ్లెంలా విచ్చుకుంది. దాన్ని వెనక్కి లాగి గోడకు ఆనించారు. తర్వాత రంధ్రంలో ఇమిడే నడుము భాగం, చివరికి ఇవతలి గదిలో రెండో పళ్లెం. అంతా అయ్యాక డాక్టరు వెంటనే వదిలిపెట్టలేదు. పరికరం ఇంకా మరతో తీగకు బిగించే ఉంది. ఆ తీగను పట్టుకుని ముందుకు తోశారు, వెనక్కి లాగారు, మళ్లీ తోశారు. గోడ మొత్తం ఊగింది గానీ పళ్లేలు జారలేదు. అప్పుడు మర విప్పారు. ఆ మర విప్పేదాకా పరికరాన్ని మళ్లీ గొట్టంలోకి లాక్కుని బయటికి తీసేయొచ్చట. విప్పాక అంత తేలిక కాదు.

ఆ తోసి లాగి చూడటం కూడా ఒక పరీక్షే. ఇది ఇవాళ జారిపోతుందా అన్నదానికి అక్కడికక్కడే జవాబు దొరుకుతుంది. మిగతా ప్రశ్నలకు జవాబు అంత త్వరగా రాదు.

గుండెను కోయకుండా రంధ్రం మూయాలన్న ప్రయత్నం ఇప్పటిది కాదు. 1967లో బెర్లిన్‌లో వెర్నర్ పోర్స్ట్‌మాన్ పీడీఏని, అంటే పుట్టాక మూసుకుపోవాల్సిన రక్తనాళం తెరుచుకునే ఉండిపోతే దాన్ని, క్యాథెటర్ అనే సన్నటి గొట్టం ద్వారా బిరడా పెట్టి మూశారు. 1975లో అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌లో టెరీ కింగ్, నోయెల్ మిల్స్ అనే ఇద్దరు డాక్టర్లు జంట గొడుగుల్లాంటి పరికరంతో మొదటిసారి ఏఎస్‌డీని మూశారు. గొట్టం లావుగా ఉండేది, పిల్లలకు పనికొచ్చేది కాదు. ఆ తర్వాత బోస్టన్‌లో జేమ్స్ లాక్ బృందం క్లామ్‌షెల్ అనే పరికరం తెచ్చింది. రంధ్రాలు బాగానే మూసుకునేవి. కానీ కొన్ని నెలల తర్వాత ఎక్స్‌రే తీస్తే, గొడుగు ఊచల్లాంటి లోహపు చేతులు విరిగిపోయి కనపడ్డాయి. చాలామందికి దానివల్ల హానేమీ జరగలేదు, రంధ్రం మూసుకునే ఉంది. అయినా 1991లో దాని వాడకం ఆపేశారు. ఆపి, ఎందుకు విరిగిందో తెలుసుకుని మళ్లీ డిజైన్ చేశారు. ఈ కథలో నాకు నచ్చింది ఆ నిర్ణయమే. "మూసుకుంది కదా" అని సరిపెట్టుకునేవాళ్లయితే ఎక్స్‌రే తీసేవాళ్లే కారు.

లోహం విరగడమేమిటి అనిపిస్తుంది. ఒక లెక్క చూడండి. గుండె రోజుకు సుమారు లక్ష సార్లు కొట్టుకుంటుంది, పిల్లల్లో ఇంకా ఎక్కువే. ఆరేళ్ల పాప డెబ్బై ఏళ్లు బతికితే, ఆ పరికరం 200 కోట్ల సార్లకు పైగా వంగాలి, సర్దుకోవాలి. స్టెంట్ల లాంటివాటికి ల్యాబ్‌లో యంత్రాల మీద పదేళ్ల గుండె చప్పుళ్లకు సమానంగా 40 కోట్ల సార్లు అలుపు పరీక్ష, అంటే లోహం విరుగుతుందేమో అని వంచి వంచి చూడటం, ఆనవాయితీ. పదేళ్లంటే అరవై ఏళ్ల మనిషికి సరిపోవచ్చు. ఆరేళ్ల పాపకు పదేళ్ల తర్వాత పదో తరగతి పరీక్షలు ఉంటాయి.

ఇప్పుడు ఎక్కువగా వాడేది కర్ట్ ఆంప్లాట్జ్ అనే మిన్నెసోటా రేడియాలజిస్టు దారి చూపించిన రకం. నికెల్, టైటానియం కలిసిన నిటినాల్ అనే లోహపు తీగలతో అల్లిక, లోపల పాలియెస్టర్ గుడ్డ. నిటినాల్‌ను సన్నటి గొట్టంలోకి లాగితే సాగి ఇముడుతుంది, బయటికి వదిలితే తన పాత ఆకారానికి వస్తుంది. దీన్ని మొదట పందుల్లో పరీక్షించారు. ఇక్కడే నాకు చాలా ముఖ్యమనిపించే విషయం ఉంది. పందికి రంధ్రం పుట్టుకతో లేదు. పరిశోధకులే గోడ మధ్యలో సూదితో పొడిచి, బెలూన్‌తో వెడల్పు చేశారు. అంటే ఆరోగ్యంగా ఉన్న గోడలో చేసిన రంధ్రం. పిల్లల గుండెలో అలా ఉండదు. చాలామందికి బృహద్ధమని (గుండెలోంచి ఒంటికి రక్తం తీసుకెళ్లే పెద్ద నాళం) వైపు అంచు సన్నగా ఉంటుంది, కొందరికి అసలు ఉండదు. డాక్టర్లు దాన్ని రిమ్ అంటారు, 5 మిల్లీమీటర్ల కన్నా తక్కువ ఉంటే రాసి పెట్టుకుంటారు. అంచు లేనిచోట పళ్లెం నేరుగా పక్కనున్న బృహద్ధమని మొదలుకు, పైగది కప్పుకు రాసుకుంటుంది. జంతువుల్లో నెగ్గిన పరికరానికి అసలు కష్టం మనిషిలోనే ఎదురవుతుంది.

అమెరికాలో దీనికి అనుమతి తెచ్చిపెట్టిన అధ్యయనం 2002లో ప్రచురితమైంది. డివైస్ వేసినవాళ్లు 442 మంది, ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు 154 మంది. ఇబ్బందులు డివైస్ వైపు 7.2 శాతం, ఆపరేషన్ వైపు 24 శాతం. ఆసుపత్రిలో ఉన్నది ఒక వైపు సగటున ఒక రోజు, ఇంకో వైపు 3.4 రోజులు. ఎవరికి ఏది అన్నది చీట్లేసి నిర్ణయించలేదు. కాబట్టి రెండు గుంపులూ సమానం కావు: డివైస్ వేసినవాళ్ల మధ్యస్థ వయసు దాదాపు పదేళ్లు, ఆపరేషన్ చేయించుకున్నవాళ్లది నాలుగేళ్లు. దీన్ని కొందరు పెద్ద లోపంగా చూస్తారు. నేను చూడను. ఛాతీ కోయాలా, తొడ దగ్గర గాటు చాలా అని బొమ్మాబొరుసూ వేయడానికి ఏ తల్లి ఒప్పుకుంటుంది? ముఖ్యంగా మన దగ్గర, ఆడపిల్ల ఛాతీ మీద నిలువు మచ్చ పడుతుందంటే ఇంట్లో పెద్దవాళ్లందరూ పెళ్లి గురించే మాట్లాడతారు. ఆ భయం సరైందా కాదా అన్నది వేరే చర్చ, ఉన్న మాట మాత్రం నిజం. ఇలాంటి చోట చీట్లు లేకపోయినా తేడా అంత పెద్దదైతే నమ్మొచ్చు.

నా అభ్యంతరం ఆ అధ్యయనం సైజు గురించి, కాలం గురించి. 2001 డిసెంబరులో అనుమతి వచ్చింది. వేల సంఖ్యలో వేయడం మొదలయ్యాక, అరుదుగా కొందరిలో పరికరం అంచు గుండె గోడను అరగదీసి రంధ్రం చేస్తోందని తెలిసింది. ఎరోజన్ అంటారు. గుండె చుట్టూ రక్తం చేరి ప్రాణం మీదికి వస్తుంది. 2004లో ఇలాంటి 28 కేసులను ఒకచోట చేర్చి చూస్తే, వాటిలో 25 మందికి బృహద్ధమని వైపో పైవైపో అంచు సరిగ్గా లేదు. కొందరిలో రంధ్రానికి మించిన పెద్ద సైజు వేశారు. ఇది వెయ్యి మందిలో ఒకరి నుంచి ముగ్గురి దాకా జరగొచ్చని తర్వాతి అంచనాలు. వెయ్యికి ఒకటి జరిగేది 442 మందిలో ఒక్కసారి కూడా కనపడకపోవచ్చు. గణాంకాల వాళ్లు వాడే సులువైన సూత్రం ఒకటుంది: 442 మందిలో ఒక ప్రమాదం ఒక్కసారి కూడా జరగకపోతే, దాని అసలు రేటు వెయ్యికి ఏడు దాకా ఉండే వీలుంది అని మాత్రమే చెప్పగలం. "మా ట్రయల్‌లో అలాంటిదేమీ రాలేదు" అని ఎవరైనా అంటే, ఎంతమందిలో, ఎన్నేళ్లలో అని అడగాలి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ ఎరోజన్ గురించి నిపుణులతో బహిరంగంగా చర్చ పెట్టింది 2012లో. అనుమతికీ ఆ చర్చకూ మధ్య పదేళ్లు.

ఇంతవరకూ రంధ్రం నిజంగా హాని చేసే కేసుల గురించి మాట్లాడాను. పెద్ద ఏఎస్‌డీని వదిలేస్తే కుడివైపు గుండె ఉబ్బుతుంది, ఊపిరితిత్తుల్లో ఒత్తిడి పెరగొచ్చు. దాన్ని మూయడంలో అనుమానం లేదు. రంధ్రం ఉండటమే జబ్బో కాదో తెలియని చోట కథ మారిపోతుంది.

పీఎఫ్‌ఓ అలాంటిది. తల్లి కడుపులో ఉన్నప్పుడు పై గదుల మధ్య ఒక తలుపు తెరిచి ఉంటుంది. పుట్టాక మూసుకోవాలి. పెద్దవాళ్లలో దాదాపు నలుగురిలో ఒకరికి పూర్తిగా మూసుకోదు. చాలామందికి ఆ సంగతే తెలియకుండా జీవితం గడిచిపోతుంది. సెలైన్‌ను గిలకొట్టి సన్నటి బుడగలు చేసి సిరలోకి ఎక్కించి, గట్టిగా ముక్కమంటే, ఆ బుడగలు ఎడమ వైపు దాటడం ఎకోలో కనపడుతుంది. మైగ్రేన్ ఉన్నవాళ్లలో ఇది ఎక్కువగా ఉందని గమనించాక, దీన్ని మూస్తే తలనొప్పి పోతుందేమో అన్న ఆశ పుట్టింది.

బ్రిటన్‌లో మిస్ట్ అనే ట్రయల్ ఆ ఆశను సరైన పద్ధతిలో పరీక్షించింది. 147 మందిని చీట్లేసి రెండు గుంపులు చేశారు. 74 మందికి స్టార్‌ఫ్లెక్స్ పరికరం. మిగతా 73 మందికి మత్తు ఇచ్చి, తొడ దగ్గర గాటు మాత్రం పెట్టి, ఇంకేమీ చేయకుండా లేపారు. ఎవరికి ఏది చేశారో వాళ్లకు చెప్పలేదు. ఫలితం: పరికరం వేసినవాళ్లలో ముగ్గురికి మైగ్రేన్ పూర్తిగా పోయింది. గాటు మాత్రమే పెట్టినవాళ్లలోనూ ముగ్గురికి పోయింది.

ఒట్టి గాటు పెట్టి పంపడం అన్యాయం కాదా అని చాలామంది అడుగుతారు. మత్తు ఇచ్చారు, కోశారు, ఏ మేలూ ఉద్దేశించలేదు. మనసుకు కష్టంగానే ఉంటుంది, నాకూ ఉంది. కానీ తలనొప్పి లాంటి బాధ దానంతట అదే తగ్గుతుంటుంది, పెరుగుతుంటుంది. పెద్ద ప్రొసీజర్ జరిగిందన్న నమ్మకంతోనూ తగ్గుతుంది. ఆ 73 మంది లేకపోతే ఆ ముగ్గురి ఆనందాన్ని చూపించి వేలమంది గుండెల్లో లోహం పెట్టేవాళ్లు. ముందే అన్నీ చెప్పి, ఒప్పుకున్నవాళ్లతోనే చేసిన ఆ చిన్న గాటు, అవసరం లేని వేల ప్రొసీజర్ల కన్నా నాకు వెయ్యి రెట్లు న్యాయంగా కనపడుతుంది. ఏఎస్‌డీ పిల్లల దగ్గర చీట్లు వద్దన్న నేనే ఇక్కడ చీట్లు కావాలంటున్నాను. అక్కడ ఎకోలో కుడి గుండె తగ్గడం కొలవొచ్చు. ఇక్కడ కొలిచేది రోగి చెప్పే నొప్పిని.

మిస్ట్ కథ అక్కడితో అయిపోలేదు. ఆ ట్రయల్‌లో ముఖ్యుడైన గుండె డాక్టరు పీటర్ విల్మ్స్‌హర్స్ట్ పరిశోధన పత్రం మీద పేరు పెట్టడానికి ఒప్పుకోలేదు. పరికరం వేశాక కూడా రంధ్రం మిగిలిపోయినవాళ్లు పత్రంలో చెప్పినదానికన్నా ఎక్కువమంది ఉన్నారన్నది ఆయన వాదన. 2007లో అమెరికాలో ఒక సదస్సులో విలేఖరితో ఈ సంగతులు మాట్లాడితే, పరికరం తయారుచేసిన ఎన్ఎంటీ మెడికల్ కంపెనీ ఆయన మీద ఇంగ్లాండులో పరువునష్టం దావా వేసింది. కంపెనీ అమెరికాది, మాట్లాడింది అమెరికాలో, దావా మాత్రం ఇంగ్లాండులో, ఎందుకంటే అక్కడి చట్టం దావా వేసినవాడికి అనుకూలంగా ఉండేది. ఆయన వెనక్కి తగ్గలేదు. 2011లో కంపెనీయే మూతపడి కేసు ముగిసింది. ఇంగ్లాండులో పరువునష్టం చట్టాన్ని మార్చాలన్న ఉద్యమానికి ఆయన కేసు ఒక ఉదాహరణగా నిలిచింది, 2013లో కొత్త చట్టం వచ్చింది. ఆయన లేవనెత్తిన ప్రశ్న ఇప్పటికీ పాతబడలేదు: "మూసుకుంది" అని ఎకో చూసి చెప్పేది ఎవరు? పరికరం వేసిన డాక్టరా, కంపెనీ జీతమిచ్చే మనిషా, ఇద్దరితో సంబంధం లేని ఇంకొకరా? చిన్న చారగా కారుతున్న రంగును ఒకరు లీక్ అంటారు, ఇంకొకరు పర్వాలేదంటారు.

పక్షవాతం విషయంలో ఇదే పీఎఫ్‌ఓ ఇంకో మలుపు తిరిగింది. అదే స్టార్‌ఫ్లెక్స్‌తో 909 మందిలో చేసిన క్లోజర్ ట్రయల్ 2012లో తేల్చింది, మందులకన్నా పరికరం మేలు కాదని. అక్కడితో కొట్టిపారేసి ఉంటే అదీ తప్పయ్యేది. తర్వాతి కొన్ని ట్రయల్స్ మనుషులను జాగ్రత్తగా ఎంచుకున్నాయి: వయసు అరవైకి లోపు, పక్షవాతానికి ఇంకే కారణమూ దొరకనివాళ్లు, తలుపు బాగా పెద్దదిగానో గోడ వదులుగానో ఉన్నవాళ్లు. 2017లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన క్లోజ్ ట్రయల్‌లో, పరికరం వేసిన 238 మందిలో ఒక్కరికీ మళ్లీ పక్షవాతం రాలేదు. రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్ లాంటి మందులు మాత్రమే వాడిన 235 మందిలో 14 మందికి వచ్చింది. దాని వెంట ఒక ఖర్చు కూడా ఉంది: పరికరం వేసినవాళ్లలో 4.6 శాతం మందికి గుండె లయ తప్పింది, మందుల వైపు 0.9 శాతం. 980 మందితో చేసిన రెస్పెక్ట్ ట్రయల్ 2013లో స్పష్టమైన తేడా చూపలేకపోయింది. అదే మనుషులను సగటున ఆరేళ్ల దాకా వెంబడిస్తే 2017లో తేడా తేలింది. ఓపిక పడితే పరికరానికే మంచి పేరు వచ్చింది. కాబట్టి ఎక్కువకాలం పరీక్షించమంటే కొత్త వైద్యానికి అడ్డుపడటమని అనేవాళ్లతో నేను ఏకీభవించను.

ఇక మన దగ్గరికి. స్కూళ్లలో, అంగన్‌వాడీల్లో పిల్లలను పరీక్షించే ఆర్‌బీఎస్‌కే అనే ప్రభుత్వ కార్యక్రమం 2013 నుంచి ఉంది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీతో పేదింటి పిల్లలకు గుండె వైద్యం అందింది. తిరుపతిలో టీటీడీ వారి శ్రీ పద్మావతి పిల్లల హృదయాలయం 2021లో తెరిచారు. పుట్టపర్తిలో అంతకు చాలా ముందునుంచే డబ్బు తీసుకోకుండా గుండె ఆపరేషన్లు చేస్తున్నారు. వైద్యం అందడం గురించి మనం గర్వపడొచ్చు. ఆ తర్వాత ఏమైందో రాసుకోవడం దగ్గరే వెనకబడ్డాం.

మన దేశంలో వీఎస్‌డీకి, అంటే కింది గదుల మధ్య రంధ్రానికి కూడా పరికరాలు బాగా వేస్తున్నారు. ఆ గోడ అంచునే గుండెను కొట్టించే విద్యుత్ దారి వెళుతుంది. పాత తరం పరికరాలు దాన్ని నొక్కి హార్ట్ బ్లాక్, అంటే ఆ విద్యుత్తు కిందికి అందకపోవడం, తెచ్చాయి, కొందరు పిల్లలకు పేస్‌మేకర్ పెట్టాల్సి వచ్చింది. అది వెంటనే రావచ్చు, నెలల తర్వాతా రావచ్చు. ఇప్పటివి మెత్తగా ఉంటాయి, అనుభవమున్న డాక్టర్ల చేతుల్లో ఫలితాలు బాగున్నాయి. అలాగే కొనసాగుతాయో లేదో తెలియాలంటే ఇప్పుడు వేసిన పిల్లలను పెద్దయ్యేదాకా చూడాలి. విదేశాల్లో అనుమతి ఉన్న పరికరాలకు ఇక్కడ మళ్లీ ట్రయల్ లేకుండా అనుమతి తెచ్చుకునే వెసులుబాటు 2017 మెడికల్ డివైసెస్ రూల్స్‌లో ఉంది. దానికి నేను వ్యతిరేకం కాదు. ప్రతి దేశం మొదటినుంచి మొదలుపెట్టక్కర్లేదు. కానీ లోపలికి రానిచ్చాక కళ్లు మూసుకోకూడదు. పరికరాల వల్ల జరిగే హానిని నమోదు చేసే మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమం 2015లో మొదలైంది. అది ఎవరైనా రిపోర్టు చేస్తేనే పనిచేస్తుంది. రిపోర్టు చేయాలంటే ముందు రోగి గుండెలో ఏ పరికరం ఉందో తెలియాలి.

మా పాప డిశ్చార్జి కాగితంలో "ఏఎస్‌డీ డివైస్ క్లోజర్ చేయబడినది" అని ఒక్క లైను ఉంది. కంపెనీ లేదు, సైజు లేదు, ఏ విడతలో తయారైందో చెప్పే లాట్ నంబరు లేదు. ప్రతి పెట్టెలోనూ నంబరున్న స్టిక్కర్లు వస్తాయి, ఒకటి కేస్‌షీట్‌లో అంటిస్తారు. రోగికి ఇవ్వాల్సిన కార్డు మాకు ఇవ్వలేదు. తమ్ముడు వెళ్లి అడిగి ఫోన్ చేశాడు: "అక్కా, పాప బాగానే ఉంది కదా, నంబరుతో మీకేం పని అంటున్నారు." రికార్డుల గది నుంచి బిల్లింగ్‌కు, బిల్లింగ్ నుంచి మళ్లీ రికార్డులకు తిప్పారు. చివరికి క్యాథ్‌ల్యాబ్‌లో ఒక సిస్టర్ జాలిపడి రిజిస్టరు తీస్తే, అందులో అంటించిన స్టిక్కరును ఫోన్‌లో ఫొటో తీసుకొచ్చాడు. మూడంగుళాల కాగితం. రేపు ఆ లాట్‌లో లోపముందని కంపెనీ ప్రకటిస్తే, మాకు తెలియడానికి ఉన్న ఒకే ఆధారం అది.

నేను అడిగేది కొత్త సంస్థను కాదు. ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ, తెలంగాణలో ఆరోగ్యశ్రీ, రెండిట్లోనూ ప్రతి కేసుకూ ముందస్తు అనుమతి ఉంది, తర్వాత క్లెయిం ఉంది. ఆ క్లెయింలో పరికరం పేరు, సైజు, లాట్ నంబరు, అంచులెలా ఉన్నాయో చెప్పే ఎకో కొలతలు రాయకపోతే డబ్బు విడుదల చేయకూడదు. ఆరు నెలలకు, ఏడాదికి, ఐదేళ్లకు, పదేళ్లకు ఒక ఎకో, ఒక ఈసీజీ ప్యాకేజీలోనే కలపాలి. వాటికి వచ్చే తల్లిదండ్రులకు బస్సు ఛార్జీలు కూడా ఇవ్వాలి. పాప బాగానే ఉన్నప్పుడు ఒక రోజు కూలి పోగొట్టుకుని ఎవరూ జిల్లా దాటి రారు, వాళ్లను తప్పుపట్టడానికి లేదు. ఆ ఎకోలను పరికరం వేసిన డాక్టరు కాకుండా వేరే చోట, పేరు తెలియకుండా, ఇంకో డాక్టరు చదవాలి. ఐదేళ్లకోసారి ఏ పరికరం ఎంతమందికి వేశారు, ఎంతమంది మళ్లీ కనపడ్డారు, ఎంతమందికి లయ తప్పింది, ఎంతమందికి తీసేయాల్సి వచ్చింది అన్న లెక్కను తెలుగులో అందరికీ కనపడేలా పెట్టాలి. అందులో "మళ్లీ కనపడనివాళ్లు" అన్న గడిని ఖాళీగా వదలకుండా నింపాలి.